ఫిజిక్స్ రీసెర్చ్‌కి యూనివర్సిటీ ఎంచుకునేటప్పుడు ల్యాబ్ పరికరాలు చూడాలా?

చూడాలి, కానీ బ్రోషర్‌లో లిస్టు చూసి మురిసిపోకండి, పరికరం ఉండటం వేరు, మీ చేతికి అందడం వేరు. ఘనపదార్థాల మీద పని చేయాలంటే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ యంత్రం (ఎక్స్‌రేలు పంపి పదార్థం లోపల పరమాణువుల అమరిక కనిపెట్టేది) ఉందా అని అడగండి. అందులో ఎక్కువగా వాడే రాగి ఎక్స్‌రేల తరంగదైర్ఘ్యం 1.54 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు), దాదాపు స్ఫటికంలో పరమాణువుల మధ్య దూరమంత, అందుకే లోపలి అమరిక బయటపడుతుంది. సూపర్ కండక్టివిటీ (బాగా చల్లబరిస్తే కొన్ని పదార్థాల్లో విద్యుత్ నిరోధం పూర్తిగా పోవడం) అయితే ద్రవ హీలియం సంగతి తేల్చుకోవాలి. ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్ (సుమారు మైనస్ 196 డిగ్రీల సెల్సియస్) దగ్గర మరుగుతుంది, హీలియం 4.2 కెల్విన్ దగ్గర, అంటే హీలియంతో ఇంకా చాలా ఎక్కువ చల్లబరచొచ్చు. కాకపోతే హీలియం ఖరీదెక్కువ, ఆవిరైనదాన్ని మళ్లీ పట్టుకునే ఏర్పాటు లేకపోతే ప్రయోగాలకి తిప్పలే. థియరీ వాళ్లకి ఈ గొడవ లేదు, మంచి కంప్యూటర్లు చాలు. అసలు విషయం మాత్రం అక్కడి పీహెచ్‌డీ విద్యార్థుల్నే అడగండి: వారానికి ఎన్ని గంటలు మెషిన్ దొరుకుతోంది, పాడైతే ఎవరు బాగుచేస్తారు?