యాడ్స్‌కి రూపాయి పెట్టకుండా ప్రింట్ ఆన్ డిమాండ్ స్టోర్‌కి జనాన్ని రప్పించడానికి ఏఐ పనికొస్తుందా?

షాపిఫైలో (ఆన్‌లైన్ దుకాణం పెట్టుకునే వేదిక) ప్రింట్ ఆన్ డిమాండ్ పద్ధతిలో, అంటే ఆర్డర్ వచ్చాకే అచ్చువేసి పంపే పద్ధతిలో, మగ్గులు, టీషర్టుల స్టోర్ పెట్టానని, యాడ్స్‌కి డబ్బు లేదని, ఏఐ సాయంతో ఉచితంగా ట్రాఫిక్ (స్టోర్‌కి వచ్చే జనం) వస్తుందా అని అడిగారు. వస్తుంది. అయితే ఏఐ చేత వందల డిజైన్లు గీయించి, వందల వ్యాసాలు రాయించి సైట్ నింపెయ్యమని చెప్పేవాళ్ల మాట దయచేసి వినకండి. నేను తెలుగు కుటుంబాల కోసం మగ్గులు, టీషర్టులు, గుడ్డ సంచులు అమ్ముతాను. ఇండియా ఆర్డర్లు తిరుప్పూర్‌లోని క్వికింక్ వాళ్లు, అమెరికా ఆర్డర్లు ప్రింటిఫై వాళ్లు అచ్చువేసి పంపిస్తారు. నా దగ్గర కొనేవాళ్లలో ఎక్కువమంది పింటరెస్ట్ (బొమ్మలు వెతుక్కుని దాచుకునే సైట్), ఎట్సీ (చేతివస్తువులు, కానుకలు అమ్మే ఆన్‌లైన్ మార్కెట్), గూగుల్‌లో వెతుక్కుంటూ వచ్చినవాళ్లే. అందుకే ఏఐతో నేను ముందుగా చేయించే పని డిజైన్ కాదు. కొనేవాళ్లు ఏమని టైప్ చేసి వెతుకుతారో ఆ మాటలన్నీ దానితో రాబడతాను.

ఒక ఉదాహరణ చెప్తాను. డాలస్‌లో ఒకమ్మాయికి బిడ్డ పుట్టింది, సాయానికి వాళ్లమ్మ ఇక్కణ్ణుంచి వెళ్తోంది. ఆవిడ దిగేసరికి ‘అమ్మమ్మ’ అని రాసిన మగ్ చేతికివ్వాలని కూతురి ఆశ. ఆ అమ్మాయి తెలుగు లిపిలో వెతకదు, ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతుంది. తాతయ్య అని కొట్టాలంటే ఒకరు ‘టి’తో మొదలెడతారు, ఇంకొకరు ‘టిహెచ్’తో. చివర్లో ‘వై’ ఒకరికి ఒకటి, ఒకరికి రెండు. నాన్నగారి అమ్మని ఒక ఇంట్లో నానమ్మ అంటే ఇంకో ఇంట్లో మామ్మ, తెలంగాణలో చాలా ఇళ్లలో బాపమ్మ. మీ పేజీలో ఒక్క స్పెల్లింగే ఉంటే మిగతావాళ్లు మీ స్టోర్ దాకా రాకపోవచ్చు.

ఇలాంటి పని చాట్‌జీపీటీ, జెమిని బాగా చేస్తాయి. “ఆంధ్ర, తెలంగాణ ఇళ్లలో నానమ్మని పిలిచే పిలుపులన్నీ చెప్పు. ఒక్కోదాన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాస్తారో చెప్పు. ఏ సందర్భాల్లో ఆమెకి కానుక కొంటారో చెప్పు” అని విడివిడిగా అడగండి. వచ్చిన జాబితాలో మీ ఇంట్లో, మీ బంధువుల నోట ఎప్పుడూ వినని మాటల్ని పక్కన పెట్టండి. మిగిలినవాటిని పింటరెస్ట్, ఎట్సీ సెర్చ్ బాక్సుల్లో సగం టైప్ చేసి ఆగండి. కింద అదే మాట సూచనగా వస్తే ఎవరో వెతుకుతున్నట్టే. “ఈ మాట నెలకి ఎంతమంది వెతుకుతారు” అని మాత్రం ఏఐని అడగకండి. అది చెప్పే అంకెకి ఆధారం ఉండదు. ఏ మాట ఎక్కువగా వెతుకుతున్నారో పోల్చి చూడటానికి గూగుల్ ట్రెండ్స్, పింటరెస్ట్ ట్రెండ్స్ ఉన్నాయి, రెండూ ఉచితమే.

ఎట్సీలో కూడా పెట్టే ఉద్దేశం ఉంటే, ఒక్కో లిస్టింగ్‌కి (అమ్మకానికి పెట్టే ఒక్కో వస్తువు పేజీకి) 0.20 డాలర్లు తీసుకుంటారు, అది నాలుగు నెలలు ఉంటుంది. టైటిల్‌కి 140 అక్షరాలు, ట్యాగులు (వస్తువు వెతుకులాటలో దొరకడానికి జతచేసే చిన్న మాటలు) 13, ఒక్కో ట్యాగ్ 20 అక్షరాలు దాటకూడదు. ఏఐ ఆ 20 తరచూ దాటేస్తుంది, కాబట్టి మీరే లెక్కపెట్టుకోండి. పదమూడూ వాడండి, చెప్పిందే మళ్లీ చెప్పకండి. డిజైన్‌కి ఏఐ వాడితే ఆ విషయం వివరణలో చెప్పాలని ఎట్సీ నియమం ఉంది, దాచకండి.

ఇక పింటరెస్ట్. మొదటి రోజుల్లో మీ సమయంలో సగం ఇక్కడే పెట్టమంటాను. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీ 24 గంటల్లో పోతుంది. పిన్, అంటే పింటరెస్ట్‌లో పెట్టే బొమ్మ, అలా కాదు, నెలల తర్వాత కూడా ఎవరో వెతికితే పైకొస్తుంది, నొక్కితే నేరుగా మీ వస్తువు పేజీకి తీసుకెళ్తుంది. నిలువు బొమ్మ, 1000 బై 1500 పిక్సెళ్లు పెట్టుకోండి. ఒకే మగ్‌కి వేర్వేరు పిన్‌లు చెయ్యండి: ఒకటి పుట్టినరోజుకి, ఒకటి అమెరికా వచ్చే తల్లికి, ఒకటి షష్టిపూర్తికి. ఒక్కోదానికి శీర్షిక, రెండు మూడు వాక్యాల వివరణ ఏఐ చేత రాయించి, మీ మాటల్లోకి దిద్దుకోండి. ఫోటో మాత్రం నిజమైనది ఉండాలి. ఒక శాంపిల్ తెప్పించుకుని, మీ వంటింటి గట్టు మీద, కిటికీ వెలుగులో, ఫోన్‌తో తీసినా చాలు. ఏఐతో చేసిన బొమ్మలకి పింటరెస్ట్ 2025 నుంచి లేబుల్ వేస్తోంది, అలాంటివి తక్కువగా చూపించమని కోరే వీలు కూడా చూసేవాళ్లకి ఇచ్చింది. పైగా కానుక కొనే మనిషి చేతికి ఏం వస్తుందో చూడాలనుకుంటుంది.

పండగల పిన్‌లు ముందుగానే వెయ్యాలి. ఉగాది మార్చి, ఏప్రిల్‌లో వస్తుంది కదా, జనవరిలోనే మొదలుపెట్టండి. అమెరికాలో మదర్స్ డే మే రెండో ఆదివారం, గ్రాండ్‌పేరెంట్స్ డే సెప్టెంబరులో లేబర్ డే తర్వాతి ఆదివారం. అచ్చు, రవాణా రోజులు కూడా కలుపుకుని వెనక్కి లెక్కేసుకోండి.

డిజైన్ గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. బొమ్మలు గీసే ఏఐ తెలుగు అక్షరాలని ఇప్పటికీ తరచూ పాడుచేస్తోంది. ఒత్తులు ఎగిరిపోతాయి, గుణింతం మారిపోతుంది. మన భాష మీద ఇష్టంతో కొనేవాళ్లకి తప్పుల తెలుగు అమ్మడం నాకు మనసొప్పదు, అది చూసినవాళ్లు ఇంకొకరికి పంపరు కూడా. బొమ్మకి ఏఐ సాయం తీసుకున్నా అక్షరాలు మాత్రం ఫాంట్‌తోనే వెయ్యండి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, ధూర్జటి, సురవరం లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌తో ఉన్నాయి, అమ్మే వస్తువుల మీద నిశ్చింతగా వాడుకోవచ్చు. సినిమా డైలాగులు, హీరోల మొహాలు వద్దు. 2023లో అనిల్ కపూర్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఆయన పేరు, రూపం, గొంతు అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకూడదని ఆదేశించింది, ఏఐతో చేసినవి కూడా అందులో ఉన్నాయి. అలాంటివి వాడారని మీ లిస్టింగ్ తీసేస్తే దానికి నెలల తరబడి చేరిన ట్రాఫిక్ కూడా దానితోపాటే పోతుంది.

గూగుల్ విషయానికొస్తే, ర్యాంకుల కోసం పనికిమాలిన పేజీలు గుట్టలుగా తయారుచెయ్యడాన్ని 2024 మార్చిలో స్పామ్ విధానాల్లో చేర్చారు. అందుకే వ్యాసాల సంఖ్య మీద ఆశ పెట్టుకోకండి. కొనేవాళ్లు మీకు పంపిన మెసేజ్‌లలో పేర్లు, నంబర్లు తీసేసి ఏఐకి ఇచ్చి, ఏ ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయో అడగండి. మైక్రోవేవ్‌లో పెట్టొచ్చా, ఉతికితే రంగు పోతుందా, పేరు మార్చి వేస్తారా అనేవి తేలతాయి. జవాబులు మీరే రాసి ఆ వస్తువు పేజీలోనే పెట్టండి. నిజంగా వాడి చూసిన మనిషి రాసిన జవాబుకి ఉండే విలువ వేరు.

ఫలితం కనబడటానికి మూడు నాలుగు నెలలు పట్టొచ్చు, టెన్షన్ పడొద్దు. ఈలోపు గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (మీ సైట్ గూగుల్ వెతుకులాటలో ఎలా కనబడుతోందో చూపించే ఉచిత సాధనం) ఏ మాటలకి మీ పేజీ చాలాసార్లు కనబడి కూడా ఎవరూ నొక్కట్లేదో చూస్తుండండి. ఆ పట్టికని డౌన్‌లోడ్ చేసి ఏఐకి ఇస్తే మాటల్ని గుంపులుగా విడగొట్టి పెడుతుంది. ఏ టైటిల్ మార్చాలో, ఏ కొత్త మగ్ చెయ్యాలో నేను ఎక్కువగా అక్కడే తెలుసుకుంటాను. మీరు సైట్‌ని సెర్చ్ కన్సోల్‌లో చేర్చిన దగ్గర్నుంచే లెక్కలు చేరడం మొదలవుతుంది కాబట్టి, ఇంకా ఏ పిన్ వెయ్యకపోయినా సరే, ఆ పని ఇవాళే చేసెయ్యండి.