ఫీజు బాకీ ఉందని టీసీ ఇవ్వకపోతే పాప బడి ఆగాలా?

చెల్లీ, నీ ప్రశ్న చదివాక ఊరుకోలేక రాస్తున్నా. దేవరకొండలో ప్రైవేట్ స్కూల్లో ఐదో తరగతి చదివిన మీ పాపను సర్కారు బడిలో ఆరులో వేద్దామంటే, బాకీ కట్టేదాకా పాత స్కూలు టీసీ (బడి మారేటప్పుడు ఇచ్చే బదిలీ సర్టిఫికెట్) ఇవ్వనంటోంది, టీసీ తెస్తేనే చేర్చుకుంటామని ఇక్కడ సార్లు అంటున్నారు అని రాశావు. టీసీ లేదన్న కారణంతో పాపను వెనక్కి పంపే అధికారం సర్కారు బడికి లేదు. ముందు ఆ ధైర్యం తెచ్చుకో.

మాకూ అచ్చం ఇట్లాగే అయింది. మా ఆయన మిర్యాలగూడలో రైస్ మిల్లు హమాలీ. నడుము పట్టేసి నాలుగు నెలలు పనికి పోలేదు. పాప ఫీజు 14 వేలు బాకీ పడ్డది. స్కూలువాళ్లు మొత్తం కట్టి టీసీ తీసుకుపొమ్మన్నారు. పద్దెనిమిది రోజులు పాప ఇంట్లోనే. పొద్దున పాత స్కూలు వ్యాను హారన్ వినపడితే చాలు, లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరికేసుకునేది. నాకు ముద్ద దిగేది కాదు.

మా వాడకట్టు అంగన్‌వాడీ టీచరమ్మ చెప్తే తెలిసింది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో సెక్షన్ 5 ప్రకారం, బడి మారే పిల్లలకు పాత బడి హెడ్మాస్టర్ వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ రావడం ఆలస్యమైందని కొత్త బడి అడ్మిషన్ ఆపకూడదు, వాయిదా వేయకూడదు. వయసు రుజువు కాగితం లేకపోయినా కాదనకూడదని సెక్షన్ 14లో ఉంది.

నేను ఈ మాటలే తెల్లకాగితం మీద రాసి, పాప ప్రోగ్రెస్ కార్డు, ఆధార్ జిరాక్స్ జతచేసి సర్కారు బడి హెడ్మాస్టర్‌కు ఇచ్చాను. రెండో కాపీ మీద 'అందినది' అని సంతకం, తేదీ పెట్టించుకున్నా. ఆ సంతకం మాత్రం మర్చిపోవద్దు చెల్లీ, నోటిమాటగా అడిగినన్నాళ్లూ రేపు రా, ఎల్లుండి రా అన్నారు. సార్ రెండుసార్లు చదివి, ఎంఈఓకు (మండల విద్యాధికారికి) ఫోన్ చేసి, అడ్మిషన్ రిజిస్టర్ తీశారు. ఆ రోజు మధ్యాహ్న భోజనం పాప అక్కడే తిన్నది. ఆన్‌లైన్‌లో పేరు ఇంకా పాత స్కూలు కిందే ఉండటంతో కొంత తిప్పలైంది గానీ, దాన్ని ఎంఈఓ ఆఫీసువాళ్లే చూసుకున్నారు, పాప క్లాసు ఆగలేదు.

ఈ హక్కు ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు, ఎనిమిదో తరగతి వరకే. అదీ సర్కారు బళ్లకు, సర్కారు సాయంతో నడిచే ఎయిడెడ్ బళ్లకు మారేటప్పుడే. ఒక ప్రైవేట్ స్కూలు నుంచి ఇంకో ప్రైవేట్‌కు పోతామంటే వర్తించదు. బాకీ కూడా మాఫీ కాదు, మేము నెలకు వెయ్యి చొప్పున కట్టుకున్నాం.

కాగితం ఇచ్చినా కాదంటే ఎంఈఓకు, ఆపైన డీఈఓకు (జిల్లా విద్యాధికారికి) ఫిర్యాదు ఇవ్వు. సోమవారం నల్లగొండ కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలోనూ ఇవ్వొచ్చు. రాతపూర్వక ఫిర్యాదును మూడు నెలల్లో తేల్చాలని ఆ చట్టంలోనే ఉంది, తేల్చిన తీరు నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

బడి మొదలయ్యే టైముకు పాపను వెంటబెట్టుకునే వెళ్లు. దరఖాస్తు రాయడం ఇబ్బందైతే చెప్పు, నేను రాసింది ఇక్కడే పెడతాను.