విండోస్‌ను ముట్టుకోకుండా ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో లినక్స్ వేసుకుని వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు. నేను మూడేళ్లుగా అలాగే వాడుతున్నాను. కాకపోతే "విండోస్‌ను ముట్టుకోకుండా" అన్నారు చూడండి, తంటా అంతా అక్కడే. మీరు ముట్టుకోకపోయినా లినక్స్‌ను ఎక్కించే ఇన్‌స్టాలర్ ముట్టుకుంటుంది.

సంక్రాంతికి అక్కావాళ్లు మా ఇంటికి, అమలాపురం వచ్చారు. నా లాప్‌టాప్ అప్పటికి రిపేరు షాపులో ఉంది. చేతిలో కొత్త 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఇన్‌స్టాలర్ ఎక్కించిన పెన్‌డ్రైవ్, ఎదురుగా బావ లాప్‌టాప్. చెయ్యి ఊరుకుంటుందా? కనుమ నాడు భోజనాలయ్యాక ఆయన కునుకు తీస్తుంటే పని కానిచ్చాను. ప్రతి స్క్రీనూ రెండేసి సార్లు చదివాను. ఎక్కడ వేయమంటావంటే ఎక్స్‌టర్నల్ డ్రైవే చూపించాను, బూట్‌లోడర్ (మెషిన్ ఆన్ చేయగానే సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్) ఎక్కడంటే మళ్లీ అదే చూపించాను. శుభ్రంగా ఎక్కింది. డ్రైవ్ పీకేసి, మూత వేసి, ఏమీ ఎరగనట్టు వెళ్లి అరిసెలు తిన్నాను.

18వ తేదీ పొద్దున్నే రాజమండ్రి నుంచి ఫోను. బావ షాపులవాళ్లకు జీఎస్టీ రిటర్నులు వేసిపెడుతుంటారు. 20 గడువు. "బామ్మర్దీ, ఏం చేశావ్ దీన్ని? తెరంతా నలుపు, పైన గ్రబ్ అని ఉంది, విండోస్ లేదు!" ఆ రోజు నన్ను అక్క చూసిందట.

జరిగింది ఇదీ. ఇప్పటి మెషిన్లు యూఈఎఫ్‌ఐ అనే పద్ధతిలో లేస్తాయి. లోపలి డిస్క్‌లో ఈఎస్‌పీ అనే చిన్న పార్టిషన్ ఉంటుంది, విండోస్ బూట్ ఫైళ్లు అందులోనే ఉంటాయి. నేను ఎంత చెప్పినా ఇన్‌స్టాలర్ తనకు ముందు కనబడ్డ ఆ ఈఎస్‌పీలోనే గ్రబ్‌ను, అంటే లినక్స్ బూట్‌లోడర్‌ను, దూర్చి, మదర్‌బోర్డు దగ్గరుండే బూట్ జాబితాలో తన పేరు మొదట రాయించుకుంది. రాజమండ్రిలో ఆ గ్రబ్ నిద్రలేచి నా ఎస్‌ఎస్‌డీ కోసం వెతుక్కుంది. అదేమో ఇక్కడ మా బీరువాలో ఉంది.

ఎగ్జిట్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టమన్నాను. ఇ, ఎక్స్, ఐ, టి అని అక్షరం అక్షరం చెప్పినా మొదటిసారి మధ్యలో ఎస్ పెట్టారు. రెండోసారికి విండోస్ వచ్చింది. అది ఎక్కడికీ పోలేదు, వరుసలో రెండోది అయిందంతే. తర్వాత బయాస్‌లోకి, అంటే మెషిన్ లేచేటప్పుడు ఒక మీట నొక్కితే వచ్చే సెట్టింగుల్లోకి, వెళ్లి విండోస్ బూట్ మేనేజర్‌ను పైకి జరిపించాను. అసలు ఆ బయాస్‌లోకి వెళ్లడానికే అరగంట. ఒక కంపెనీకి ఎఫ్2, ఇంకోదానికి ఎఫ్10, మరోదానికి ఎస్కేప్. వీళ్లంతా కూర్చుని ఒక్క మీట ఖాయం చేసుకోలేరా!

తమాషా ఏమిటంటే, నా లాప్‌టాప్ బాగై వచ్చాక అదే ఎస్‌ఎస్‌డీ పెడితే బూట్ అవ్వలేదు. ఎలా అవుతుంది? బూట్‌లోడర్ బావ దగ్గరే ఉండిపోయింది కదా. మళ్లీ మొదటి నుంచి వేశాను.

కాబట్టి నా పద్ధతి మొరటే: వెనక స్క్రూలు విప్పి, లోపలి డిస్క్ తీసి పక్కన పెట్టి, అప్పుడు ఇన్‌స్టాల్ చేయండి. లోపలి డిస్క్ కనబడకపోతే ఎక్స్‌టర్నల్ మీదే ఈఎస్‌పీ చేసుకోక ఇన్‌స్టాలర్‌కు గతిలేదు. కొన్ని బయాస్‌లలో డిస్క్‌ను ఆపేసే ఆప్షన్ ఉంటుంది, అదీ సరిపోతుంది. బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే కాగితం మీద రాసుకోండి. బూట్ సెట్టింగులు కదిలితే అది అడిగే అవకాశం ఉంది. పార్టిషన్లతో ఒడుపుగా చేయొచ్చని కామెంట్లలో చెబుతారు. చెప్పేవాళ్ల బావలెవరూ రిటర్నులు వేయరనుకుంటా.

పెన్‌డ్రైవ్‌లో మాత్రం వేయకండి. ఇన్‌స్టాలర్ ఎక్కించుకోవడానికి బాగానే ఉంటుంది. రోజూ వాడితే ఒక్క అప్‌డేట్‌కే టీ తాగి రావచ్చు. ఎస్‌ఎస్‌డీ అయినా పోర్టు చూసుకోండి. యూఎస్‌బీ 2.0 సెకనుకు 480 మెగాబిట్లు, 3.0 అయితే 5 గిగాబిట్లు. చాలా మెషిన్లలో 3.0 పోర్టు లోపల నీలం రంగు ఉంటుంది.

విండోస్‌నే ఇలా వేయొచ్చా అని తర్వాత అడుగుతారు. విండోస్ టు గో అని ఒకటి ఉండేది, 2020లో తీసేశారు. మామూలు సెటప్ అయితే యూఎస్‌బీ డ్రైవ్ మీద వేయనని మొండికేస్తుంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగింది కదా అని మా వీధిలో ఇద్దరు, లినక్స్ వేస్తే హాయిగా నడిచే బంగారంలాంటి లాప్‌టాప్‌లు పాత సామాన్లవాడికి వేశారు. కడుపు తరుక్కుపోయింది.

ఇంకొకటి, కేబుల్. ఒళ్లో పెట్టుకుని పనిచేస్తుంటే అది కాస్త కదిలినా సిస్టమ్ మొత్తం బిగుసుకుపోతుంది, సేవ్ చేయనిది పోయినట్టే. నేను పొట్టి కేబుల్ కొని, ఎస్‌ఎస్‌డీని లాప్‌టాప్ మూత వెనక కరెంటు పనికి వాడే నల్ల టేపుతో అంటించేశాను.