బి.ఎన్.ఆర్. చరిత్ర రాస్తానంటున్న మేనకోడలికి

చిరంజీవి మాధవికి మావయ్య ఆశీస్సులు.

ఉద్యోగానికి జీతం లేని సెలవు పెట్టి బెంగాల్ నాగపూర్ రైల్వే, అదే మన పాత బి.ఎన్.ఆర్. రైలు కంపెనీ చరిత్ర రాస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చెప్పింది అనడం కంటే ఏడ్చింది అనడం నయం. నేను దాన్ని ఊరుకోబెట్టి, ఫోన్ పెట్టేసి, మీ అత్త దగ్గర మాత్రం గొప్పలు పోయాను. గ్యాంగ్‌మన్ మనవరాలు కంపెనీ చరిత్ర రాస్తుందంటే మాటలా! కానీ ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు.

ముందు తిట్టాల్సింది తిడతాను. దూసి దగ్గర నాగావళి వంతెన మీద, పట్టాల మధ్య నిలబడి తీయించుకున్న ఫొటో మీ అమ్మ నాకు పంపింది. ఏమనుకుంటున్నావు నువ్వు? ఆవిరి ఇంజను మైలు దూరం నుంచే అరిచి చెప్పేది. ఈ కరెంటు ఇంజను వీపు వెనక్కి వచ్చేదాకా తెలీదు, గాలి ఎదురుగా ఉంటే అసలే తెలీదు. రోజూ పట్టాల మీదే బతికే గ్యాంగు వాళ్లే పోయారు, నేను చూశాను. వంతెన ఫొటో కావాలంటే ఒడ్డు మీంచి తీసుకో. ఇంకోసారి ఎక్కావని తెలిస్తే నీ పుస్తకానికి నా దగ్గర్నుంచి ఒక్క కాగితం కూడా రాదు.

నోటుబుక్కులు, ఫోన్ ఛార్జర్, ఆధార్ జిరాక్సు, ఆర్కైవ్స్‌లో చూపించడానికి ఒక పరిచయ లేఖ. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది మా వీధి లెక్కల మాస్టారి సంగతి. ఆమదాలవలసలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండేవారు. రిటైరయ్యాక మన స్టేషన్ చరిత్ర రాద్దామని కూర్చున్నారు. గూడ్స్ షెడ్డు పక్కన పాత పట్టా ముక్కలు పాతి కంచె వేసి ఉండేది. ఒక ముక్కకి తుప్పు గీకి చూస్తే పక్క భాగంలో బి.ఎన్.ఆర్. అని ఉబ్బెత్తు అక్షరాలు, వాటి తర్వాత సంవత్సరం. వేలితో తడిమి నాకు కూడా చూపించారు. ఇంకేం, బి.ఎన్.ఆర్. వాళ్లు ఆ ఏడాదే ఈ లైను వేశారని రాసేశారు. పట్టా మీద ఉండేది మిల్లులో అది తయారైన సంవత్సరం మాస్టారూ, మెయిన్ లైన్లో అరిగిన పట్టా సైడింగుకి, అక్కడా అరిగితే కంచెకి వస్తుంది, ఇది ఏ ఊరి నుంచి వచ్చిందో ఎవరికి తెలుసు అన్నాను. ‘నువ్వు టికెట్లు కొట్టేవాడివి, నీకేం తెలుసు’ అన్నారు. నేను అప్పటికే స్టేషన్ మాస్టర్ని!

అక్కడితో ఆగినా బాగుండేది. లైను వేసిన కాగితాల కోసం సొంత డబ్బుతో కలకత్తా వెళ్లారు. గార్డెన్ రీచ్‌లో కంపెనీ పాత హెడ్డాఫీసు ఉంది కదా, అక్కడ ఉంటాయని. లేవన్నారు. కావాలని దాస్తున్నారని ఈయన ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. నిజానికి దాచడానికి ఏముంది? బెజవాడ నుంచి కటక్ దాకా ఈ లైను 1893కీ 1896కీ మధ్య తెరిచింది ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే, అంటే సర్కారు సొంత రైల్వే. 1901లో వాల్తేరుకి దక్షిణం ముక్క మద్రాస్ రైల్వేకి పోయింది. 1902లో ఉత్తరం ముక్క, అంటే మనది, బి.ఎన్.ఆర్. చేతికి వచ్చింది. 1887లో పుట్టిన ఆ కంపెనీ మన చికాకోల్ రోడ్డు స్టేషన్ని, అంటే ఈ ఆమదాలవలస స్టేషన్ని, కట్టలేదు, కట్టినదాన్ని తీసుకుంది. కట్టినప్పటి కాగితాలు సర్కారు ప్రజాపనుల శాఖవి. వాటిని ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో, చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో వెతకాలి.

ఇందులో నా కడుపు మండేది తేదీ తప్పు గురించి కాదు. మాస్టారు పుస్తకానికి అలంకారంగా ఉంటుందని పాత గ్యాంగ్‌మన్లని, గేటుమన్లని, నౌపడాలో మూటలు మోసిన కూలీలని కూర్చోబెట్టి వాళ్ల మాటలు రాసుకున్నారు. కంపెనీ రోజుల్లో పనిచేసినవాళ్లు వాళ్లు. చిన్న పుస్తకంలో ఆ మాటలకి చోటు ఇవ్వలేదు, చోటంతా ఆ తప్పు సంవత్సరం గొప్పకే సరిపోయింది. ఆయన పోయాక ఇంటి వాళ్లు ఆ నోటుబుక్కులు పాతపేపర్ల బండికి వేసేశారు. మాట్లాడినవాళ్లూ ఇప్పుడు లేరు. ఆ తప్పు వాక్యం మాత్రం ఇంకా సభల్లో చదువుతూనే ఉన్నారు. అందుకే నువ్వు ఆర్కైవ్స్‌కి తర్వాత వెళ్లు. కాగితం ఇంకో ఏడాది ఆగుతుంది. మా గ్యాంగు మేస్త్రీ భార్యకి తొంభై దాటాయి, ఆవిడ ఆగదు.

ఇంకో మాట, జిల్లాలు చూసుకో. కంపెనీ రోజుల్లో శ్రీకాకుళం, టెక్కలి గంజాం జిల్లాలో ఉండేవి. 1936లో ఒరిస్సా ఏర్పడ్డాక విశాఖ జిల్లాకి వచ్చాయి. శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950లో, విజయనగరం జిల్లా 1979లో. గంజాం కట్టల్లో వెతకాల్సిన కాగితం విశాఖ కట్టల్లో వెతికితే జన్మలో దొరకదు.

కంపెనీ మనకేదో మేలు చెయ్యడానికి వచ్చిందని మాత్రం రాయకు. వాటాదారులూ బోర్డూ లండన్లో. లాభం వచ్చినా రాకపోయినా వాళ్ల పెట్టుబడికి వడ్డీ మన ఖజానా పూచీ. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1909 నాటికే రైలు వచ్చింది, కొండలు దాటి రాయపూర్ చేరింది మాత్రం 1931లో. వెనకాలే 1933లో విశాఖ రేవు తెరిచారు. మధ్య పరగణాల, అంటే రాయపూర్, నాగపూర్ వైపు మాంగనీసు ఓడెక్కాలి, అదీ తొందర. సాలూరు వాళ్లకీ బొబ్బిలి వాళ్లకీ ప్రయాణం కలిసొచ్చింది, కాదనను.

దీనికి పక్కనే పర్లాకిమిడి చిన్నరైలు పెట్టి చూడు. అక్కడి రాజా గౌరచంద్ర గజపతి తన డబ్బుతో నౌపడా నుంచి రెండున్నర అడుగుల గేజి లైను వేయించాడు. 1900లో తెరిచారు, మొదట్లో నష్టాలే. పెద్ద రైలు పెట్టెలోంచి బస్తా దింపి, భుజాన మోసి, చిన్న పెట్టెలోకి ఎక్కించాలి. నౌపడాలో నేను చేరిన కొత్తలో కూలీల మెడ వెనక చర్మం తోలు చెప్పులా గట్టిపడి ఉండేది. ఆ లైను కూడా తర్వాత బి.ఎన్.ఆర్. చేతికే వెళ్లింది, 1931కి గుణుపురం దాకా పొడిగించారు. 2004లో ఆపేసి గేజి మార్చారు, 2011లో పెద్ద రైలు వచ్చింది. దీనికి ఒక అధ్యాయం తప్పకుండా ఇవ్వు. గారట్ అనే పెద్ద ఆవిరి ఇంజన్ల బొమ్మలు నాలుగు తగ్గించినా ఎవరూ ఏమీ అనరు.

ఖరగ్‌పూర్ కూడా వెళ్లాలి. అక్కడ సగం బజారు మన యాసే మాట్లాడుతుంది, వర్క్‌షాపు కోసం మన పల్లెల నుంచి వెళ్లినవాళ్ల సంతానం. 1927లో అక్కడ జరిగిన సమ్మె గురించి అడుగు. బి.ఎన్.ఆర్. కార్మికుల నాయకుడు వి.వి.గిరి 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాగారిని బొబ్బిలిలోనే ఓడించారు, 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకి వెళ్లారు. రైలు పట్టా వెంట ఓటు ఎలా నడిచిందో నువ్వే తేల్చు. నాకు ఓపిక లేదు.

1944 అక్టోబరు 1న కంపెనీ పోయి సర్కారు వచ్చింది. మా నాన్న ఆ రోజు కూడా సుత్తి పట్టుకుని లైను మీదకే వెళ్లారు. ఆయన సర్వీసు కాగితాలు నా ట్రంకు పెట్టెలో ఉన్నాయి. నువ్వొచ్చి ఫొటోలు తీసుకో, ఒరిజినల్స్ మాత్రం ఇవ్వను, అడగొద్దు. విశాఖ నుంచి పొద్దున్న పాసింజరుకి రా. ఏ రోజు వస్తావో ముందే చెబితే మేస్త్రీ భార్యకి కబురు పెడతాను. ఆవిడకి చెవులు సరిగ్గా వినబడవు, గట్టిగా మాట్లాడాలి. వక్కపొడి తెచ్చి ఇస్తే చాలా చెబుతుంది. డబ్బుల టెన్షన్ పెట్టుకోకు. మీ అమ్మకి చెప్పకుండా కొంచెం నేను సర్దుతాను.

మీ మావయ్య