లాసన్స్ బేలో ఎల్పీలు పేర్చబోతున్న మేనల్లుడికి

సీతమ్మధార, విశాఖపట్నం.

చిరంజీవి ప్రణవ్‌కు మామయ్య ఆశీస్సులు.

నువ్వు హైదరాబాదు నుంచి లాసన్స్ బే కాలనీకి మారావనీ, బోనసు డబ్బుతో టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) కొని, ప్రోగ్రెసివ్ రాక్ అనే పాశ్చాత్య సంగీతపు ఎల్పీలు, అంటే పెద్ద రికార్డులు, ఒకేసారి పెద్ద మొత్తంలో తెప్పించబోతున్నావనీ అక్కయ్య ఫోనులో చెప్పింది. నీ జాబితాను నాకు పంపి, "అన్నీ దయ్యాల పేర్లలా ఉన్నాయి, వీడికేమైందిరా?" అని అడిగింది. ఏమీ కాలేదని నచ్చజెప్పాను. ఈ సంగీతం మన కుటుంబంలో నాతోనే ఆగిపోతుందనుకుంటున్న నాకు ఆ జాబితా ఎంత సంతోషం కలిగించిందో నీకు తెలియదు. అందులో సగం నువ్వు వినకుండా రాసినవేనని కూడా చదవగానే అర్థమైంది.

రికార్డులను నిలువుగా పెట్టు, ఎండ తగలనీయకు, అంచులు పట్టుకుని తియ్యి, రికార్డు మీద పడే నీడిల్ బరువు, దానిని పట్టి ఉంచే కార్ట్రిడ్జ్ తయారుచేసిన కంపెనీ చెప్పినంతే ఉంచు. ఇవి ఎవరైనా చెబుతారు. సముద్రపు గాలి సంగతి మాత్రం నేనే చెప్పాలి. షెల్ఫును సముద్రం వైపు గోడకు ఆనించవద్దు. అట్టలకు మందపాటి పీవీసీ తొడుగులు వేయవద్దు. అవి తేమను లోపలే పట్టి ఉంచి బూజు పట్టిస్తాయి, ఏళ్ళు గడిచేకొద్దీ రికార్డు మీద కూడా మసక పొర వదులుతాయి.

మీ ఇంట్లో ఇప్పుడు ఒక్క రికార్డైనా ఎందుకు లేదో నీకు ఎవరూ చెప్పి ఉండరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. పెదవాల్తేరు ఇంట్లో సముద్రం వైపు కిటికీ అద్దాలు పగిలి, వాన నేరుగా మీ నాన్నగారి రికార్డుల షెల్ఫు మీద పడింది. ఊరంతా కరెంటు లేదు, ఫోన్లు పలకడం లేదు, దారి పొడవునా చెట్లు కూలిపోయి ఉన్నాయి. నేను మీ ఇంటికి చేరేసరికి తడిసిన అట్టలు ఒకదానికొకటి అతుక్కుని బూజు పట్టాయని, బావగారు మొత్తం సరుకును పాత ఇనుప సామాన్లవాడికి వేసేశారు. "అట్ట పోయాక ఇంకేముంది?" అన్నారు. ఉన్నదంతా అట్ట పోయాకనే ఉంది కదా! రికార్డు చేసే వినైల్ ఒక ప్లాస్టిక్కు. వాన నీరు దానినేమీ చేయదు. డిస్టిల్డ్ వాటర్‌లో ఒకటి రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, మధ్యలోని కాగితం లేబుల్ తడవకుండా, మెత్తటి గుడ్డతో గాడి వెంట గుండ్రంగా తుడిచి, మళ్ళీ మంచి నీటితో కడిగి నిలువుగా ఆరబెడితే ఆ రికార్డులలో చాలావరకు ఈ రోజుకీ పలికేవి. నిజానికి ఆ పొరపాటు తుపాను నాడు మొదలైనది కాదు. ఇంటికి వచ్చినవారందరికీ ఆయన కింగ్ క్రిమ్సన్ అనే రాక్ బృందం మొదటి ఆల్బమ్ అట్ట మీది ఆ అరిచే ముఖాన్ని చూపించేవారు. దానిని గీసిన బ్యారీ గాడ్‌బర్ ఆల్బమ్ విడుదలైన కొన్ని నెలలకే, 1970లో, 24 ఏళ్ళకే మరణించాడని చెప్పి వాళ్ళను అయ్యో అనిపించేవారు. రికార్డును మాత్రం కవరులోంచి తీసేవారు కాదు. మనసున్న మనిషి, కాదనను. ఇప్పటికీ ఆ ప్రస్తావన తెస్తే పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుంటారు. నీ జాబితాలో ప్రతి పేరు పక్కనా "అరుదైన ముద్రణ" అని రాసి ఉండటం చూసి నాకు ఆయనే గుర్తుకు వచ్చారు.

1969 నాటి ఆ క్రిమ్సన్ ఆల్బమ్‌నే ముందుగా తీసుకో, అయితే కొత్తగా ముద్రించిన ప్రతి చాలు. మొదటి పాటలోని గోలకే అందరూ దానిని మెచ్చుకుంటారు. అసలు చీకటి "ఎపిటాఫ్" పాటలో ఉంది, దానిని తెచ్చింది మెలోట్రాన్ అనే కీబోర్డు: ఒక్కొక్క మీట కింద ఒక్కొక్క టేపు ముక్క, దాని మీద ఎనిమిది సెకన్ల పాటు పలికే వాద్యం. రెండవ వైపు "మూన్‌చైల్డ్"లో దాదాపు వినపడనంత మెల్లగా సాగే భాగాన్ని చాలామంది దాటవేస్తారు. నువ్వు దాటవేయవద్దు. పాత ప్రతి కొనవలసి వస్తే అమ్మేవాడిని ఆ భాగమే వినిపించమని అడుగు, ఎందుకంటే గీతలన్నీ అక్కడే బయటపడతాయి.

పింక్ ఫ్లాయిడ్ బృందం చేసిన "డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్" పాత ముద్రణకు పెద్ద ధర పెట్టడం శుద్ధ దండుగ. 1973 నుంచి లెక్కలేనన్ని ప్రతులు వచ్చాయి, పైగా వాళ్ళు నిజంగా కసిగా మాట్లాడింది 1977 నాటి "యానిమల్స్"లో. బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్‌ను నువ్వు కొట్టివేశావు, తిరిగి రాసుకో. రేకుల ఫ్యాక్టరీలో రెండు వేళ్ళ కొనలు పోగొట్టుకున్న వాళ్ళ గిటారిస్టు టోనీ అయోమీ ప్లాస్టిక్ తొడుగులతో వాయిస్తుండగా, వాళ్ళు దానిని దాదాపు ఒక్క రోజులో రికార్డు చేశారు. ఆల్బమ్ మొదట్లోనే వాన, గంట, తరువాత మూడు స్వరాలు. భయపెట్టడానికి అంతకు మించి అవసరం లేదని అక్కడే తెలుస్తుంది.

వాన్ డర్ గ్రాఫ్ జనరేటర్ అనే బృందం చేసిన "పాన్ హార్ట్స్" నా ప్రాణం. 1971లో వచ్చినప్పుడు సొంత దేశమైన బ్రిటన్‌లో పట్టించుకోలేదు, ఇటలీవాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. రెండవ వైపు మొత్తం, ఇరవై మూడు నిమిషాలు, ఒకే గాథ: తన కళ్ళ ముందే సముద్రంలో పోయినవారిని తలచుకుని కుమిలిపోయే లైట్‌హౌస్ కాపలాదారుడిది. గిటార్ దాదాపు లేదు, ఆర్గాన్, శాక్సోఫోన్, పీటర్ హామిల్ గొంతు ఉంటాయి. ప్రతి రాత్రీ డాల్ఫిన్స్ నోస్ కొండ మీద తిరిగే లైట్‌హౌస్ వెలుగును చూసే ఊరివాళ్ళం, దీనిని మనకు ఎవరూ వివరించనక్కరలేదు. అంత పొడవైన వైపున గాళ్ళు దగ్గర దగ్గరగా పడి శబ్దం కాస్త తగ్గుతుంది. నీ యంత్రంలో లోపమని కంగారు పడి నీడిల్ బరువు పెంచవద్దు.

యూనివర్స్ జీరో అనే బృందం వాళ్ళ 1979 "హెరెసీ"ని ఇప్పుడే కొనవద్దు. బసూన్ అనే ఊదే వాద్యంతో కలిసి మన భజనలలో వాడే హార్మోనియం అంత దిగులుగా పలకగలదని ఊహించలేవు. అక్కయ్య ఫోను తరువాత నన్ను పట్టి పీడిస్తున్న భయం కూడా ఇదే. కొత్త కొలువు, ఒంటరి ఫ్లాట్, అర్ధరాత్రి హెడ్‌ఫోన్లు, వరుసగా ఇలాంటివే. ఈ సంగీతం మనిషిని పాడుచేస్తుందని నేను నమ్మను, కానీ వింటూ విన్నది చెప్పుకోవడానికి పక్కన ఒకరు లేకపోతే దిగులు మీద దిగులు పేరుకుంటుంది. నాన్నా, నీది చిన్నప్పటి నుంచీ లోపల దాచుకునే తత్వమని నాకు తెలుసు.

కాబట్టి ఆర్డరు ఆపు. క్రిమ్సన్, సబ్బాత్, "పాన్ హార్ట్స్", ఈ మూడే తెప్పించుకో. క్రెడిట్ కార్డు మీద వద్దు. మిగిలినవాటిలో చాలావరకు నా దగ్గర ఉన్నాయి, ఆదివారం పొద్దున్నే రా. ఒక్కొక్కటి ఒక వైపు పూర్తిగా విని, నచ్చినదానికి నువ్వే టిక్కు పెట్టుకో. అత్తయ్య భోజనం సిద్ధం చేస్తుంది. క్రిమ్సన్ వాళ్ళ 1974 నాటి "రెడ్" కూడా వినిపిస్తాను, కానీ ఇంటికి పట్టుకెళ్తానని మాత్రం అడగకు.

ఆశీస్సులతో,
మామయ్య