రెండో బ్లడ్ కల్చర్‌లో వచ్చింది పాత ఎంఆర్ఎస్ఏనా, కొత్తదా?

ప్రశ్న: ఒకే పేషెంటుకి మూడు వారాల తేడాతో రెండుసార్లు బ్లడ్ కల్చర్‌లో ఎంఆర్ఎస్ఏ (మెథిసిలిన్‌కి లొంగని స్టెఫైలోకాకస్ ఆరియస్) వచ్చింది. వాంకోమైసిన్ ఎంఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస మందు గాఢత) 1 నుంచి 2 అయింది. రెండు ఐసొలేట్లనూ (కల్చర్ నుంచి వేరుచేసిన బ్యాక్టీరియా) సీక్వెన్స్ చేస్తే 9 ఎస్ఎన్‌పీల (డీఎన్ఏలో ఒక్కో అక్షరం మారిన చోట్లు) తేడా కనిపించింది. బ్యాక్టీరియా లోపలే మారిందా, బయటి నుంచి కొత్తది చేరిందా?

జవాబు: స్ట్రెయిన్ ఒకటే అనుకోవచ్చు. వేరే ఎస్‌టీ (సీక్వెన్స్ టైప్, అంటే వంశం) అయితే తేడా సాధారణంగా వేలల్లో ఉండేది. అయితే "మారిందా" అన్న ప్రశ్నకి 9 అనే అంకె జవాబు కాదు. ఆ తొమ్మిదీ ఏ జీన్లలో ఉన్నాయో చూడాలి. అంతకంటే ముందు అవి నిజమైనవేనా అన్నది తేల్చుకోవాలి.

స్టెఫైలోకాకస్ ఆరియస్ జీనోమ్ సుమారు 28 లక్షల బేసులు, అందులో మార్పులు ఏడాదికి దాదాపు 8. ఆ లెక్కన మూడు వారాల్లో ఒక్కటి వచ్చినా గొప్పే. కాబట్టి 9 కనబడితే నాకు మొదట అనుమానం వచ్చేది రిఫరెన్స్ (పోలికకు పెట్టుకున్న జీనోమ్) మీద. చాలామంది అలవాటుగా రీడ్లను (సీక్వెన్సర్ చదివిన డీఎన్ఏ ముక్కలను) ఎన్‌సీటీసీ 8325 అనే ల్యాబ్ స్ట్రెయిన్ జీనోమ్ మీద మ్యాప్ చేస్తారు, అంటే ఏది ఎక్కడ సరిపోతుందో చూసి అమరుస్తారు. అది ఎస్‌టీ8. మన దేశంలో ఎక్కువగా దొరికే ఎస్‌టీ22, ఎస్‌టీ772లకి అది దూరపు చుట్టం. రిఫరెన్స్‌లో లేని ఫేజ్ (బ్యాక్టీరియా జీనోమ్‌లో చేరిన వైరస్) భాగాల రీడ్లు తమను పోలిన మరో చోట అతుక్కుని దొంగ ఎస్ఎన్‌పీలు పుట్టిస్తాయి.

మొదటి ఐసొలేట్‌నే అసెంబుల్ చేసి, అంటే దాని రీడ్లను కలిపి జీనోమ్‌గా పేర్చి (లాంగ్ రీడ్ డేటా ఉంటే మరీ మంచిది) దాన్నే రిఫరెన్స్‌గా పెట్టుకోండి. ఆ తర్వాత చాలామంది వదిలేసే మెట్టు ఒకటుంది: మొదటి ఐసొలేట్ షార్ట్ రీడ్లను దాని సొంత అసెంబ్లీ మీదే మ్యాప్ చేయండి. అక్కడ కనబడే ప్రతి "మ్యుటేషనూ" అసెంబ్లీ తప్పే, లేదా రిపీట్ భాగమే. ఆ స్థానాలను మాస్క్ చేశాక (లెక్కలోంచి తీసేశాక) రెండోదాన్ని మ్యాప్ చేయండి. సగటు డెప్త్ (ఒక స్థానాన్ని ఎన్ని రీడ్లు చదివాయన్నది) కనీసం 50 రెట్లు ఉండాలి, ఒక్కో స్థానంలో పది రీడ్లకు తగ్గకూడదు, వాటిలో 90 శాతం ఒకే మాట చెప్పాలి. 40, 60 శాతాల దగ్గర ఆగినవి మిశ్రమ కల్చర్‌కో డూప్లికేట్ జీన్‌కో గుర్తు.

ఇంత వడపోశాక కూడా ఆరేడు మిగిలితే ఆశ్చర్యపోనక్కర్లేదు. ముక్కులో చాలాకాలంగా ఉన్న బ్యాక్టీరియా జనాభాలో తేడాలు ముందే పేరుకుని ఉంటాయి. మీరు ఒక్కో ప్లేటు నుంచి ఒక్కో కాలనీయే తీసి ఉంటే, రెండుసార్లూ రెండు వేర్వేరు కొమ్మలు చేతికి వచ్చి ఉండొచ్చు. అందుకే ప్రతి పాజిటివ్ బాటిల్ నుంచి ఐదారు కాలనీలు తీసి, 20 శాతం గ్లిసరాల్‌లో మైనస్ 80లో దాచాలి. షీప్ బ్లడ్ అగార్‌ని 24 గంటలకే పారేయకండి. హీమాలిసిస్ లేని సూదిమొన కాలనీలు 48, 72 గంటలకి బయటపడతాయి. స్మాల్ కాలనీ వేరియంట్లు అవే. మొండి ఇన్ఫెక్షన్లలో అసలు సంగతి తరచుగా వాటిలోనే ఉంటుంది. డీఎన్ఏ తీసేటప్పుడు లైసోజైమ్ ఒక్కటే వాడితే ఈ గోడ సరిగా కరగదు, లైసోస్టాఫిన్ కలపాలి.

ఎంఐసీ సంగతి. 1 నుంచి 2 అంటే ఒక్క డైల్యూషన్ (రెట్టింపు చేసే ఒక మెట్టు), పరీక్షలో సహజంగా ఉండే ఊగిసలాటే. పైగా 2 ఇంకా ససెప్టిబులే. 4 నుంచి 8 దాకా వీసా (వాంకోమైసిన్‌కి పాక్షికంగానే లొంగే ఆరియస్). ఒకసారి ఈ-టెస్ట్ (మందు పూసిన పట్టీతో పరీక్ష), ఇంకోసారి ఆటోమేటెడ్ మెషీన్ వాడి ఉంటే పోల్చడమే తప్పు. రెండు స్టాకులూ ఒకే రోజు, ఒకే బ్యాచ్ మీడియాలో బ్రాత్ మైక్రోడైల్యూషన్ (ద్రవ మీడియాలో మందును మెట్టు మెట్టుగా పలుచన చేసే పరీక్ష) పెట్టండి. డాప్టోమైసిన్ అనే మరో మందుకి బ్రాత్‌లో లీటరుకి 50 మిల్లీగ్రాముల కాల్షియం తప్పనిసరి, తగ్గితే ఎంఐసీ ఊరికే పెరిగినట్టు కనబడుతుంది.

ఇక జీన్లు. బ్యాక్టీరియా గోడను నియంత్రించే వాల్‌కే, వాల్‌ఆర్, వీఆర్ఏఎస్, జీఆర్ఏఎస్‌లలో అమైనో ఆమ్లం మారితే వాంకోమైసిన్ కథ మొదలైందని అనుమానించాలి. రిఫాంపిసిన్ ఇచ్చిన పేషెంటైతే ఆ మందు గురిపెట్టే ఆర్‌పీఓబీ కూడా చూడండి. ఎంపీఆర్ఎఫ్ డాప్టోమైసిన్‌కి సంబంధించింది, కానీ అక్కడ స్టాప్ కోడాన్ చూసి రెసిస్టెన్స్ అని రాసేయకండి. ఆ ప్రోటీన్ పని ఎక్కువైతేనే మందు పనిచేయదు. పని ఆగిపోతే బ్యాక్టీరియా ఇంకా తేలిగ్గా చస్తుంది. ఏజీఆర్‌లో (విషపదార్థాల తయారీని నియంత్రించే జీన్ల గుంపు) మాత్రం దీనికి విరుద్ధం, అక్కడ జీన్ పాడవడమే మొండి ఇన్ఫెక్షన్‌కి లక్షణం.

నిజంగా లోపల మారితే ఎలా ఉంటుందో 2007లో అచ్చయిన, ఒకే పేషెంటు నుంచి వరసగా తీసిన జేహెచ్ ఐసొలేట్ల కేసు చూపిస్తుంది. గుండె కవాటం ఇన్ఫెక్షన్‌కి వాంకోమైసిన్ వాడుతుండగా సుమారు మూడు నెలల్లో 35 మ్యుటేషన్లు చేరాయి, ఎంఐసీ 1 నుంచి 8కి వెళ్లింది. డాప్టోమైసిన్ అసలు ఇవ్వకపోయినా దానికి లొంగడం కూడా తగ్గింది. మీ కేసులో ఆ జీన్లన్నీ శుభ్రంగా ఉంటే, మందు మార్చే ముందు ఎకో (గుండె స్కాన్) మళ్లీ చేయించమనండి, వెన్నులోనో ఎక్కడో చీము దాగి ఉందేమో వెతకమనండి.

షార్ట్ రీడ్లలో ఏమీ దొరక్కపోయినా ఎంఐసీ నిజంగానే పెరిగిందని తేలితే, ఐఎస్256 లాంటి ఇన్సర్షన్ సీక్వెన్స్ (చోటు మారే డీఎన్ఏ ముక్క) జీన్‌లోకి దూరిందేమో లాంగ్ రీడ్‌తో చూడండి. ఎస్ఎన్‌పీ పట్టికలో అది ఎప్పటికీ కనబడదు.