హౌసింగ్ మార్చాక ఏ ప్రొపెల్లర్ వేయాలి?

ప్రశ్న: నాది పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు సార్, పామాయిల్ తోటకి తిప్పుతుంటాను. వెనక హౌసింగ్ (వెనక చక్రాల మధ్య ఉండే ఇరుసు పెట్టె) వంగిపోతే స్క్రాపులో టూ వీల్ డ్రైవ్ జీపుది ఒకటి దొరికింది, తెచ్చి ఎక్కించాం. ఇప్పుడు పాత ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజిన్ తిప్పుడుని హౌసింగ్‌కి అందించే రాడ్డు) అందట్లేదు, పైగా ఏటవాలుగా పక్కకి పోతోంది. లేత్ షాపతను మధ్యలో పైపు ముక్క వేసి వెల్డింగ్ కొట్టేస్తానంటున్నాడు. ఇంకొకాయన వేరే బండిది పొడుగు ప్రొపెల్లర్ కొనుక్కోమంటున్నాడు. ఏది మంచిది?
– ఒక పాఠకుడు, జంగారెడ్డిగూడెం

జవాబు: రెండూ వద్దండీ, ముందు ఆగండి. పొడవు తక్కువైందంటే సరిచేసుకోవచ్చు, పక్కకి పోతోందన్నారు చూశారా, నాకు అదే టెన్షన్.

విల్లీస్ కాలం నుంచి వచ్చిన పాత ఫోర్ వీల్ జీపుల్లో స్పైసర్ 18 అనే ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ శక్తిని ముందు, వెనక చక్రాలకి పంచే గేర్ పెట్టె) ఉంటుంది. దాని వెనక అవుట్‌పుట్ బండి మధ్యలో ఉండదు, కుడివైపుకి జరిగి ఉంటుంది, అందుకే ఆ జీపుల వెనక హౌసింగ్ గుండు (గేర్లు ఉండే ఉబ్బెత్తు భాగం) కూడా కుడివైపే ఉంటుంది. అమెరికాలో సీజే జీపులకి సైతం 1972లో గానీ అది మధ్యకి రాలేదు. మీరు తెచ్చిన హౌసింగ్ గుండు మధ్యలో ఉండి ఉంటుంది, బండి కిందకి దూరి ఒక్కసారి చూస్తే తెలిసిపోతుంది. 24 అంగుళాల ప్రొపెల్లర్‌కి ఒక చివర 6 అంగుళాలు పక్కకి జరిగిందనుకోండి, ఆ ఒక్క వంకరే సుమారు 14 డిగ్రీలు, కిందికి ఉండే వాలు దీనికి అదనం. క్రాస్‌లు (ప్రొపెల్లర్ చివర్లలో వంకరగా తిరగనిచ్చే ప్లస్ ఆకారపు కీళ్ళు) హాయిగా తిరగాలంటే 3 డిగ్రీల లోపు ఉంటే మంచిది, పొట్టి జీపుల్లో కొంచెం ఎక్కువే ఉంటుంది, దాన్ని బండి ఓర్చుకుంటుంది. 14 మాత్రం ఓర్చుకోదు. ఎంత ఖరీదైన ప్రొపెల్లర్ వేసినా క్రాస్‌లు తింటూనే ఉంటుంది. కాబట్టి ఆ హౌసింగ్ వాపస్ ఇచ్చేసి, గుండు కుడివైపున్న ఫోర్ వీల్ హౌసింగే వెతుక్కోండి. ఆటోనగర్‌లో నాలుగు షాపులు తిరగాల్సి వచ్చినా సరే.

అది కొనేముందు పళ్ళు లెక్కపెట్టించండి. క్రౌన్‌కి (గుండులోని పెద్ద గేరు) 43, పినియన్‌కి (దాన్ని తిప్పే చిన్న గేరు) 8 ఉంటే రేషియో 5.38, అదే 39కి 8 అయితే 4.88. మీ ముందు హౌసింగ్‌లో ఏ రేషియో ఉందో వెనకా అదే ఉండి తీరాలి. తేడా ఉంటే మామూలు రోడ్డు మీద ఏమీ తెలియదు, వానాకాలం తోటలో ఫోర్ వీల్ వేసిన రోజున ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకదాన్నొకటి లాగి ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్లు విరగ్గొడతాయి. విప్పి చూడనివ్వకపోతే ఒక చక్రం కదలకుండా పట్టుకుని రెండోదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి, పినియన్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే రేషియో. పినియన్ ఫ్లాంజి (ప్రొపెల్లర్ బిగించే చివర) మీద సుద్దముక్కతో గీత పెట్టుకుంటే లెక్క తప్పదు.

హౌసింగ్ ఎక్కించాక యు బోల్టులు పూర్తిగా బిగించకముందే కోణం చూసుకోవాలి. ట్రాన్స్‌ఫర్ కేస్ ఫ్లాంజి, పినియన్ ఫ్లాంజి ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, ఒక డిగ్రీకి మించి తేడా రాకూడదు. ఎందుకంటే వంకరగా తిరిగే క్రాస్ ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెంచి రెండుసార్లు తగ్గిస్తుంది, అవతలి క్రాస్ కూడా అంతే వంకరలో ఉంటేనే ఆ హెచ్చుతగ్గులు అక్కడ సర్దుకుపోతాయి. రెండు మూడు డిగ్రీల తేడా అయితే కమాన్ కట్ట కింద ఏటవాలు పట్టీ వేసి సరిచేయొచ్చు, అంతకన్నా ఎక్కువైతే హౌసింగ్ మీది కమాన్ సీట్లు కోసి మళ్ళీ వెల్డింగ్ చేయించాల్సిందే.

పొడవు ఇవన్నీ అయ్యాకే కొలవండి. బండి నాలుగు చక్రాల మీద నేల మీద నిలబడి ఉండాలి, మీరు రోజూ మోసే బరువు కూడా ఉంటే ఇంకా మంచిది. జాకీ మీద కొలిచారో, ఆ కొలత పనికిరాదు, కమాన్ కట్టలు వేలాడితే హౌసింగ్ స్థానమే మారిపోతుంది. కొత్త ప్రొపెల్లర్ స్లిప్ (పొడవు సర్దుకునేలా లోపలికీ బయటికీ జరిగే భాగం) బండి నిలబడి ఉన్నప్పుడు మధ్యలో ఉండాలి, ఇంకా లోపలికి పోవడానికి కనీసం ఒక అంగుళం మిగలాలి. అది లేకపోతే గుంతలో పడ్డప్పుడు స్లిప్ చివరికంటా వెళ్లి ట్రాన్స్‌ఫర్ కేస్ బేరింగ్‌ని గుద్దుతుంది. తర్వాత చాసిస్ ఎత్తి హౌసింగ్‌ని వేలాడనిచ్చి స్ప్లైన్లు (స్లిప్ పళ్ళు) ఇంకా బాగా పట్టి ఉన్నాయో లేదో చూడండి.

ఇక వెల్డింగ్ సంగతి. మధ్యలో ముక్క అతికించిన పైపు వద్దే వద్దు, సరైన కొలతకి ఒకే పైపుతో చేయించండి, బ్యాలెన్సింగ్ మెషీన్ ఉన్న షాపులోనే చేయించండి. 28 అంగుళాల టైరు, 5.38 రేషియో ఉన్న బండి 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ప్రొపెల్లర్ నిమిషానికి సుమారు 2,400 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో అతుకు ఊడి ముందు చివర రోడ్డుకి గుచ్చుకుంటే బండి పల్టీ కొట్టే ప్రమాదం ఉంది. దయచేసి ఇక్కడ మాత్రం డబ్బులు మిగుల్చుకోకండి.

ప్రశ్న: ప్రొపెల్లర్ విప్పి గ్రీజు పెట్టి మళ్ళీ బిగించారు, అప్పట్నుంచి 40 దాటితే సీటు కింద వణుకు. ఏమీ మార్చలేదు.
– ఖమ్మం

జవాబు: స్లిప్ ఒక పన్ను తేడాతో ఎక్కించి ఉంటారు. రెండు చివర్ల యోకులు (క్రాస్‌ని పట్టుకునే కొమ్ములు) ఒకే వరసలో ఉండాలి. షాఫ్ట్ మీదా స్లిప్ మీదా బాణం గుర్తులు ఉంటాయి, మట్టి గోకి చూడండి, ఎదురెదురుగా కలిపి బిగిస్తే చాలు.

ప్రశ్న: 1998 జీప్ చెరోకీకి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ 8.8 యాక్సిల్ (హౌసింగ్) వేస్తున్నాను. పాత షాఫ్ట్ వాడుకోవచ్చా?
– డాలస్

జవాబు: వెనక చివర నేరుగా కలవదు. మీ షాఫ్ట్‌కి 1310 సైజు క్రాస్ ఉంటుంది, ఫోర్డ్ వైపు గుండ్రటి ఫ్లాంజి, 1330 సైజు. రెండింటి కప్పులూ (క్రాస్ చివర్ల బేరింగ్ టోపీలు) 27 మిల్లీమీటర్లే కానీ వెడల్పు 1310కి సుమారు 82, 1330కి 92 మిల్లీమీటర్లు. ఈ రెంటినీ కలిపే కాంబినేషన్ క్రాస్ దొరుకుతుంది, అది వేసుకోవచ్చు, లేదా 1310 పట్టే ఫ్లాంజి అడాప్టర్ తీసుకోండి. ఏది వేసినా ఆ ఫ్లాంజి పెట్టాకే పొడవు కొలవండి. బండి ఎత్తు పెంచి, ముందు చివర డబుల్ కార్డన్ (జంట క్రాస్‌ల) షాఫ్ట్ వేసే ఆలోచన ఉంటే పై సమాంతరం లెక్క మీకు వర్తించదు, పినియన్ నేరుగా ట్రాన్స్‌ఫర్ కేస్ వైపే చూడాలి, లోడు పడితే పైకి లేస్తుంది కాబట్టి ఒకటి రెండు డిగ్రీలు కిందకి ఉంచండి. కమాన్ సీట్లు ముందు టాక్ వెల్డింగే (అక్కడక్కడా చుక్కలుగా) చేసి, కోణం కుదిరాక పూర్తిగా వెల్డింగ్ చేయించండి.